తలలు లెక్కపెడితే బస్సు రాదు

శ్రీకాళహస్తి బస్టాండులో తిరుపతి బస్సు కోసం ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. రాహుకేతు పూజకు వచ్చే భక్తుల రద్దీ అలాంటిది. మదనపల్లె–నాయుడుపేట జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. గూడూరు–రేణిగుంట రైలు మార్గమూ ఉంది. అదే బస్టాండులో తొట్టంబేడు, కేవీబీ పురం, బుచ్చినాయుడు కండ్రిగ మండలాల లోపలి పల్లెలకు పోవాల్సినవాళ్లను అడగండి. ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు తప్పిపోతే షేర్ ఆటోనే దిక్కు. అది నిండేదాకా కదలదు. చీకటి పడితే దొరకనే దొరకదు.

ఈ తేడాకు మూలం మనం జనాన్ని లెక్కపెట్టే తీరులో ఉంది. రోడ్డుంటేనే బస్సు, జనముంటేనే రోడ్డు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో కనీసం 500 మంది ఉంటేనే రోడ్డు అన్నారు. దానికి 2001 జనాభా లెక్కలు ఆధారం. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన నాలుగో దశలోనూ మైదానానికి అదే 500. ఈసారి 2011 లెక్కలు చూస్తారు, అంతే తేడా. ఊరికి ఎడంగా ఏటి పక్కనో చెరువు పక్కనో పాతిక ముప్పై ఇళ్లుండే యానాది కాలనీ ఆ గీత ఎన్నటికి దాటాలి? యానాదులు షెడ్యూల్డు తెగవారే. కానీ ఈ ప్రాంతం రాజ్యాంగం అయిదో షెడ్యూలులో లేదు. అందుకే గిరిజన ప్రాంతాలకు ఇచ్చిన 250 మంది సడలింపు తొలి దశ నుంచీ వీరిదాకా రాలేదు.

పైగా జనం పెరిగే రోజులు పోయాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఆ దిగులుతోనే 2024 నవంబరులో శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. చదువుకున్న పిల్లలు తిరుపతికో చెన్నైకో వెళ్లిపోతున్నారు. ఇవాళ 480 మంది ఉన్న పల్లె పదేళ్లకు 500 కాదు, 400 అవుతుంది. బస్సు లేదని జనం పోతారు, జనం లేరని బస్సు రాదు. పల్లెలు చిక్కిపోయే కాలంలో తలల సంఖ్యను కొలమానంగా పెట్టుకోవడం తప్పు, అన్యాయం కూడా.

బస్సు నిండలేదని ఆర్టీసీ వాళ్లు చెప్పే మాటలో కొంత నిజముంది, డీజిలు ఊరికే రాదు. అయితే శ్రీసిటీ పరిశ్రమలకు కార్మికుల్ని తీసుకెళ్లే బస్సులు చుట్టుపక్కల పల్లెలకే వస్తున్నాయి, నిండుతున్నాయి. వాళ్లు షిఫ్టు వేళ చూసి బండి పంపుతారు. కాలేజీ పిల్లల వేళ, ఏరియా ఆసుపత్రి ఓపీ వేళ, కూలి ముగించుకుని మళ్లే వేళ చూసి పల్లెవెలుగు ఎందుకు నడవకూడదు? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మంచి పథకం. కానీ బస్సే రాని పల్లెలో అమ్మ ఆటోకు డబ్బులిచ్చే వెళ్తోంది. ఆమెకు అందాల్సిన సాయం బస్సు వచ్చే ఊళ్లవాళ్లకే చేరుతోంది.

జనాభా లెక్కల గ్రామ వివరాల పట్టికలోనూ లోపముంది. 2011లో ఊళ్లో బస్సు ఉందా లేదా అని రాశారు. లేకపోతే అయిదు కిలోమీటర్లలోపా, అయిదు నుంచి పదా, పదికి మించా అన్నారు. రోజుకు ఒక్కసారి వచ్చినా ‘ఉంది’, ఇరవైసార్లు వచ్చినా ‘ఉంది’. పదకొండు కిలోమీటర్లు నడిచేవాడూ, పాతిక నడిచేవాడూ అందులో ఒకటే.

కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆలోపే మన పంచాయతీలు గ్రామసభ పెట్టి, కాలనీలతో సహా ఏ ఆవాసం నుంచి బస్సు ఎక్కే చోటు ఎంత దూరమో, రోజుకు ఎన్ని ట్రిప్పులో, ఏ వేళకు బండి కావాలో తీర్మానం రాయాలి. ఒక ప్రతి శ్రీకాళహస్తి డిపో మేనేజరుకు, ఇంకొకటి కలెక్టరుకు ఇవ్వండి. కాలనీ వాళ్లను పిలవకుండా మాత్రం ఆ సభ పెట్టకండి.