కోటకు దండం పెట్టే నవలలు

ఫిలిప్ మెడోస్ టేలర్ నిజాం ఫౌజులో అధికారి. ఆయన నవల ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ 1839లో వెలువడింది. బాటసారుల మెడకు రుమాలు బిగించి చంపిన అమీర్ అలీ తన కథ తానే చెప్పుకుంటాడు. మన హైదరాబాదూ అందులో ఉంది. అన్ని హత్యలు చదివినా చలించని పాఠకుడు ఒకచోట ఆగిపోతాడు. కన్నవాళ్లను చంపిన ముఠాలోనే పెరిగిన అమీర్ అలీ, ఎవరో తెలియక సొంత చెల్లెలినీ చంపేస్తాడు. పూడ్చిపెట్టిన గతం ఇలా లెక్క తేల్చుకోవడానికి తిరిగిరావడమే గోథిక్ నవలకు ప్రాణం. దొర ఎదుట ఖైదీ చెప్పిన కథ కనుక దాన్ని అనుమానిస్తూనే చదవాలి, అది వేరే సంగతి.

తెలుగు పాఠకుడికి భయం కొత్తేం కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘శిథిలాలయం’ చదివి ముసుగుతన్నిన పిల్లలకు ఇప్పుడు మనవలున్నారు. ఆ తర్వాత యండమూరి ‘తులసిదళం’ వచ్చింది. అటు చారిత్రక నవలకు బాపిరాజు, నోరి ఉన్నారు. ఈ రెండు దారులే కలవలేదు. మన చారిత్రక నవల కోట కనబడితే దండం పెడుతుంది, లోపలి చీకటి గదిలోకి తొంగిచూడదు. విశ్వనాథ ‘పురాణవైర గ్రంథమాల’ మాత్రం ఆ గడప దాకా వెళ్లిందని మా అభిప్రాయం.

తొంగిచూడాలంటే అలాంటి గదులు మన హైదరాబాదులోనే ఉన్నాయి. లక్డీకాపూల్ పక్కనే సైఫాబాద్ ప్యాలెస్ ఉండేది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లో కట్టారు. చూడటానికి వస్తున్న నవాబుకు ఉడుము అడ్డొచ్చిందని, అపశకునమని తాళం వేయించాడని చెప్పుకుంటారు. ఉడుము తనంతట తానే వచ్చిందా, గిట్టని దర్బారీలెవరైనా వదిలారా? నవలకు ఇంతకంటే మంచి మొదటి అధ్యాయం ఏముంటుంది! తర్వాత అదే సచివాలయం జి బ్లాక్ అయింది, 2020లో కూల్చేశారు. పంజగుట్ట దగ్గర ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్‌కూ అదే గతి పట్టేది. కొత్త శాసనసభ కోసం దాన్ని పడగొట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేయబట్టి నిలిచింది.

పాడుబడ్డ బంగళాలో తెల్లచీర తిరిగే కథలు మాకు వారం వారం వస్తూనే ఉన్నాయి, ఇక చాలు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలున్నాయి. ఫార్సీ, ఉర్దూ రాకపోతే వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. నవల రాసి మాకు పంపండి; బాగుంటే ధారావాహికగా వేస్తాం.