మనిషిని వదిలి కుర్చీ కాళ్లు కోస్తే

రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను తొలగించాలంటే హైకోర్టు జడ్జిని తొలగించినంత తతంగం కావాలని రాజ్యాంగం 243కె అధికరణ చెబుతోంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ తతంగం జోలికే పోలేదు.

కరోనా కారణంగా మార్చి 15న నాటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్ మండిపడ్డారు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ వచ్చింది: పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదింపు, అర్హత హైకోర్టు మాజీ న్యాయమూర్తులకే. మనిషిని ముట్టుకోకుండా కుర్చీ కాళ్లు కోసేశారన్నమాట! మర్నాడే, లాక్‌డౌన్‌లోనే, జస్టిస్ కనగరాజ్ ఆ కుర్చీలో కూర్చున్నారు.

మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది.

తొలగింపు సంగతి సరే, మరి కమిషనర్ నియామకం మాటేమిటి? కాగితం మీద అది గవర్నర్ పని. ఆచరణలో చెల్లేది మాత్రం ఏలినవారి మాటే. ప్రతిపక్ష నేత, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉన్న కమిటీయే కమిషనర్‌ను ఎంపిక చేసేలా రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ చట్టం చేయాలి.