తిండి రాజకీయాలు – 9: నీచు మాది, మీట్ మీదా?

విజయవాడలో ఒక పెద్ద సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో ఈమధ్య ‘ప్లాంట్ బేస్డ్ మీట్’ ప్యాకెట్లు చూశాను. మొక్కలతో చేసిన మాంసమట. కీమా ఉంది, కబాబ్ ఉంది, కూర ముక్కలూ ఉన్నాయి. పావు కిలోకి అటూ ఇటూగా ఉన్న ప్యాకెట్ మూడు వందల పైమాటే. మన రాష్ట్రంలో 2025-26కి ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే మా నూజివీడు చుట్టుపక్కల ఎండలో మట్టి తవ్విన మనిషి ఒక రోజు కష్టం మొత్తం తెచ్చి కౌంటర్ మీద పెడితే, ఇంట్లో నలుగురికీ తలా నాలుగు ముక్కలు మాంసం కాని మాంసం వస్తుంది. నూనె, ఉల్లిపాయలు మళ్లీ అప్పే.

ధర ఒక్కటే అయితే నేను రాయను. ఐఫోన్ కూడా ఖరీదే, దాని మీద ఎప్పుడైనా వ్యాసం రాశానా? ఈ ప్యాకెట్‌ని చూపించి మనకు బుద్ధులు చెప్పడం మొదలైంది, అక్కడ వచ్చింది పేచీ. “ఇప్పుడిది వచ్చింది కదండీ, ఇంకా ఆ పెద్దకూర కోసం గొడవలెందుకు? ఆరోగ్యానికి ఆరోగ్యం, పుణ్యానికి పుణ్యం” అని చదువుకున్న మిత్రులే అంటున్నారు.

సరే, ముందు ఆరోగ్యం. 2020లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 36 మందికి ఎనిమిది వారాలు మామూలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల మాంసం పెట్టి చూశారు. మొక్కల మాంసం తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. ఈ మాట నేను దాచను. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది ఆ మాంసం తయారుచేసే బియాండ్ మీట్ కంపెనీ అన్నదీ దాచను. అయితే వాళ్లు అందులో రోజుకు రెండు సార్లు మాంసం తిన్నారు. మన పేటలో రోజుకు రెండు సార్లు మాంసం ఎవరింట్లో ఉడుకుతుందో చెప్పండి, నేనూ భోజనానికి వస్తాను. ఎర్ర మాంసం అతిగా తింటే క్యాన్సర్ ముప్పు ఉండొచ్చని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన విభాగం చెప్పింది. అదీ అతిగా తినేవాళ్ల గోలే. మనది ఆదివారం కూర.

మన జబ్బు వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత. మామిడి తోటల్లో కాయలు మోసే, గ్రేడింగు చేసే ఆడవాళ్లు మధ్యాహ్నానికి కళ్లు తిరిగి చెట్టు కింద కూలబడితే ఎండదెబ్బ అంటారు. ఒంట్లో రక్తం ఎంత ఉందో ఎవరూ చూడరు. మాంసంలో ఉండే ఇనుము ఒంటికి పట్టినంత బాగా ఆకుకూరలోదీ పప్పులోదీ పట్టదు. బీ12 అయితే మొక్కల్లో దాదాపు ఉండనే ఉండదు. కొన్ని కంపెనీలు ఈ రెండింటినీ బయటి నుంచి తెచ్చి కలుపుతాయి, కలపని ప్యాకెట్‌లో ఉండవు. ఇక ఉప్పు. అమెరికాలో పేరుపడ్డ మొక్కల బర్గర్ ముక్కల్లో పచ్చి మాంసంలో కన్నా నాలుగైదు రెట్లు సోడియం ఉంటుంది. కూరలో మనమూ ఉప్పు వేస్తాం, నిజమే. కానీ ఇంట్లో అత్తకు బీపీ ఉంటే చెయ్యి తగ్గించి వేస్తాం. ఫ్యాక్టరీ చెయ్యి మన మాట వినదు.

అసలు ఆ ప్యాకెట్లో ఏముంది? చాలావాటిలో సోయా ప్రొటీనో బఠానీ ప్రొటీనో, నూనె, రంగు, వాసన. సోయా మనకు కొత్తా? సోయా గింజల నుంచి నూనె తీసేశాక మిగిలే పిండితో చేసేదే మీల్ మేకర్. వంద గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో యాభై గ్రాములకు అటూ ఇటూగా ప్రొటీన్ ఉంటుంది. ఏ కిరాణా కొట్లో అడిగినా విడిగా తూచి ఇస్తారు. హాస్టళ్లలో చదువుకున్న మనలో దాన్ని తినని వాళ్లెవరు? అప్పుడది పేదోళ్ల మాంసం. అదే సోయాకి బీట్‌రూట్ ఎరుపు పూసి, అట్టపెట్టెలో పెట్టి, సినిమా వాళ్ల చేతా క్రికెటర్ల చేతా పెట్టుబడి పెట్టిస్తే విప్లవం అయిపోయింది.

ఇక పుణ్యం. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఒక మాట దగ్గర ఆగుతాను. మాంసాన్నీ చేపల్నీ మన భాషలో ‘నీచు’ అంటారు. “ఇవాళ నీచు ముట్టను”, “నీచు గిన్నెలు విడిగా పెట్టు”. తక్కువవాడు, అధముడు అని చెప్పాలన్నా అదే మాట. తినేదాని పేరూ తినేవాడి పేరూ ఒకటైపోయాయి. గొడ్డు మాంసాన్ని పేరు పెట్టి పిలవలేక ‘పెద్దకూర’ అని గొంతు తగ్గించి చెప్పుకున్నాం. అద్దె ఇంటికి వెళ్లినప్పుడు ఒక ఇంటావిడ నన్ను “మీరు నీచు తింటారామ్మా?” అని అడిగింది. అది వంటింటి ప్రశ్న కాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అంటరానితనం మూలాలు వెతుకుతూ బాబాసాహెబ్ 1948లో రాసిన పుస్తకంలో గొడ్డు మాంసం దగ్గరికే ఎందుకు వచ్చారో ఆ గుమ్మంలో నిలబడితే అర్థమవుతుంది. ఇప్పుడు అలాంటి ఇంటి ఫ్రిజ్‌లోనే ‘మీట్’ అని అచ్చేసిన ప్యాకెట్ దర్జాగా కూర్చోవచ్చు. మాంసం రుచి కావాలి, నమిలితే పీచు తగలాలి, నెత్తురులాంటి ఎరుపూ కావాలి. దాన్ని తరతరాలుగా వండిన మనిషి మాత్రం వరండా దాటి లోపలికి రాకూడదు.

జీవకారుణ్యం అంటారా, పాలు, నెయ్యి, తోలు చెప్పులు కూడా మానేసిన వాళ్లతో నాకు తగువు లేదు. వాళ్లు మాట మీద నిలబడ్డారు. పూటకో గ్లాసు గేదె పాలు తాగి, ఆ గేదె ఎండిపోయాక, దానికి పుట్టిన దున్నపోతు దూడ ఎటుపోయిందో అడగనివాళ్లు మాకు దయ గురించి చెప్పొద్దు. పాలు మీకు, పాపం మాకా? మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఆవునూ దూడల్నీ కోయొద్దంది. పనికిరాని ఎద్దునూ గేదెనూ సర్టిఫికెట్ తీసుకుని కోయొచ్చనీ అదే చట్టం చెప్పింది. గడ్డీ గాదమూ తిని, దున్ని, పాలిచ్చి ముసలిదైన పశువు మాంసం పేదవాడి ఆదివారం కూరైతే అందులో దారుణం ఏముంది?

ఈ వ్యాపారం సంగతీ చూడండి. 2019 మేలో ఆ బియాండ్ మీట్ కంపెనీ 25 డాలర్లకు షేరు అమ్మింది. కొద్ది నెలల్లోనే అది 200 డాలర్లు దాటింది. 2025 అక్టోబర్‌లో ఒక్క డాలరు కిందికి పడిపోయింది. డబ్బున్న అమెరికావాళ్లే మళ్లీ మళ్లీ కొనని సరుకు మన పేటకు పోషకాహారమట!

తినేవాళ్లు తినండి, మీ డబ్బు మీ ఇష్టం. మా ఆడపిల్లలకు రక్తం పట్టాలంటే ఏం కావాలో మమ్మల్ని అడగండి: గుడ్డు, ఎండు చేపలు, కాలేయం వేపుడు, పెద్దకూర. ఇవి కొట్టు ముందు నిలబడి, తల దించుకోకుండా, నల్ల కవర్లో దాచకుండా కొనుక్కుని ఇంటికి తెచ్చుకోగలగాలి.

మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు కదా, వాటి మీద సణిగే పెద్దమనుషుల గురించి వచ్చే ఆదివారం రాస్తాను. జై భీమ్.