పొలం ఎక్కడుందో పటం చెబుతుంది, అన్నయ్యని అడగక్కర్లేదు

పెళ్ళి మాటల్లో "పసుపు కుంకుమ కింద పిల్లకి ఎకరం రాశాం" అని చెప్పుకోవడం మనకి అలవాటే. ఆ పిల్లకి నలభై ఏళ్ళు వచ్చాక ఆ ఎకరం ఊరికి ఏ పక్కన ఉందో, దానికి దారి ఎటునుంచో, గట్టు అవతల ఎవరి చేనో ఒకసారి అడిగి చూడండి. "అదంతా మా అన్నయ్య చూసుకుంటాడండీ" అంటుంది. దస్తావేజు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. కౌలు డబ్బులు ఏటా ఎంతో కొంత వస్తుంటాయి. పొలం మాత్రం అన్నయ్య నోటిమాటలో ఉంటుంది.

అన్నయ్యలు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. కానీ అన్నయ్య తర్వాత? మేనల్లుడికి ఆ గట్టు గుర్తుంటుందా? గుర్తున్నా మనకి చెప్పాలని ఉంటుందా?

1985లోనే అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం పెళ్ళికాని కూతుళ్ళకి పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటా పెళ్ళయినవాళ్ళకీ ఆ హక్కు వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. హక్కు కాగితం మీదకి వచ్చింది కదా, ఆ కాగితాన్ని నేల మీద ఎలా చూసుకోవాలో మాత్రం మనకి ఎవరూ నేర్పలేదు. అది చెప్పే పటాలు మాత్రం ఎప్పటినుంచో సర్కారు బీరువాల్లో ఉన్నాయి. అవి అన్నయ్య సొత్తు కాదు, అందరివీ.

ఈ దేశాన్ని కొలవడం మన దక్షిణాదిలోనే పెద్ద ఎత్తున మొదలైంది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే దొర మొదటి ఆధారరేఖ కొలిచాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే సీడెడ్ జిల్లాల్లో, అంటే మన రాయలసీమ వైపు, మన్రో దొర చేను చేనూ కొలిపించాడు. మన మీద ప్రేమతో కాదులెండి, శిస్తు కోసం. జమీందారీ ఊళ్ళలో చాలావాటికి 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక గానీ పూర్తి సర్వే జరగలేదు. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ కాలంలో బొంబాయి పద్ధతి పట్టుకున్నారు. అందుకే ఆంధ్రలో ఎఫ్.ఎం.బి., ఆర్.ఎస్.ఆర్., అడంగల్ అంటే తెలంగాణలో తిప్పన్, సేత్వార్, పహాణీ అంటారు. ఎవరి ఊరు ఎటువైపో దాన్నిబట్టి అడిగే మాట మారుతుంది.

తెలుగు బి.ఏ. చదివిన దాన్ని కాబట్టి ఈ మాటలంటే నాకు సరదా. ఆంధ్రలో ఆ సర్వే రిజిస్టర్లకి డైగ్లాట్ అని ఇంకో పేరుంది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో ఉండేది కనక డైగ్లాట్. మన తాతలు "డైగిలాటు" అని పలికింది దాన్నే. పాత పటాల్లో చెరువు, వాగు, డొంక, పుంత, శ్మశానం విడివిడిగా గుర్తులతో ఉంటాయి. ఇవాళ ఇళ్ళ స్థలాలుగా మారిన చోట ఒకప్పుడు నీళ్ళు నిలిచేవని ఆ పటమే చెబుతుంది. ప్లాటు కొనేముందు కూడా చూడదగ్గదే.

మనకి ముఖ్యంగా కావలసినవి మూడు. ఒకటి గ్రామ పటం, అంటే నక్షా. ఊరంతా సర్వే నంబర్లతో ఒకే కాగితం మీద ఉంటుంది. రెండోది ఎఫ్.ఎం.బి. లేదా తిప్పన్. ఒక్కో సర్వే నంబరుకి విడిగా గీసిన కొలతల పటం. మూడోది రిజిస్టరు. అంటే ఆర్.ఎస్.ఆర్., తెలంగాణలో అయితే సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఏ నంబరు ఎంత విస్తీర్ణం, జిరాయితీయా, ఇనామా, పోరంబోకా, పట్టా ఎవరి పేర అన్నది అందులో తెలుస్తుంది.

ఇవి దొరికే చోట్లు కూడా చెబుతాను. దస్తావేజులో సర్వే నంబరు రాసుకుని మీసేవలో దరఖాస్తు పెట్టొచ్చు. ఆంధ్రలో మీభూమి సైటులో గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అక్కడ లేకపోతే తహసీల్దారు ఆఫీసులో మండల సర్వేయరు, ఆపైన జిల్లా సర్వే, భూ రికార్డుల ఆఫీసు. లేవని నోటితో చెప్పి పంపేస్తే సమాచార హక్కు కింద రాసి ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు కూడా రాసే ఇవ్వాలి. తాతల కాలం నాటి ఇనాములు, ఎస్టేటు తగాదాల కాగితాలైతే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ లాంటి చోట్ల వెతకాలి. ఏ ఆఫీసులో అయినా సర్టిఫైడ్ నకలే అడగండి. సెల్‌ఫోను ఫొటో మనం చూసుకోడానికే గానీ రేపు ఎవరికీ చూపించడానికి పనికిరాదు.

పుట్టినూరే నాగార్జునసాగర్ నీళ్ళలోకో, శ్రీశైలం నీళ్ళలోకో పోయినవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళకి ఇంకో దారి ఉంది. 1950ల్లో అమెరికా సైన్యం అచ్చువేసిన పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైటులో ఉచితంగా ఉన్నాయి. చేలు, సర్వే నంబర్లు వాటిలో ఉండవు. ఏటి ఒడ్డున ఊరి పేరు కనిపిస్తుంది, అంతే. అమ్మకి చూపించడానికి అది చాలు.

ఇక చదవడం. ఎఫ్.ఎం.బి. చూడగానే లెక్కల పరీక్ష గుర్తొచ్చి పక్కన పెట్టేయకండి. కుట్టుపనిలో జాకెట్టు కొలతలు వేసేవాళ్ళకి ఇది కొత్త కాదు. మూలల్లో ఉన్నవి రాళ్ళు. రాయి నుంచి రాయికి ఒక అడ్డగీత, ఆ గీత మీంచి గట్టు వంపుకి అక్కడక్కడ నిలువు కొలతలు. భుజం నుంచి చంకకి, చంక నుంచి నడుముకి కొలుస్తాం చూడండి, అలాగే. జాగ్రత్తగా చూడాల్సింది ఒక్కటే. పాత పటాల్లో అంకెలు అడుగులు కావు, లింకులు. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. 400 లింకులు పొడవు, 250 లింకులు వెడల్పు ఉన్న చెక్క గుణిస్తే లక్ష. లక్ష చదరపు లింకులంటే సరిగ్గా ఎకరం. వెయ్యి అయితే సెంటు. తెలంగాణ లెక్కలో ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు. కొత్త పటాల్లో మీటర్లు ఉంటాయి కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందే ఏ కొలతో చూసుకోండి.

మా మేనత్త విషయం చెబుతాను. ఆవిడ దస్తావేజులో నాలుగు హద్దులూ మనుషుల పేర్లే. తూర్పున ఫలానా వారి చేను, పడమర ఫలానా వారి చేను. ఆ ఫలానా వారెవరూ ఇప్పుడు లేరు, ఆ చేలు రెండు మూడు చేతులు మారాయి. చేలోకి బండి వెళ్ళే దారే లేదని కౌలుదారు ఏటా కౌలు తగ్గించి ఇచ్చేవాడు. ఎఫ్.ఎం.బి. తీయిస్తే ఉత్తరం గట్టు వెంట పుంత స్పష్టంగా ఉంది. పక్క చేనువాళ్ళు ఏళ్ళ తరబడి దాన్ని దున్నుకుంటూ వచ్చారు. వాళ్ళు మాకు బంధువులే. రుసుం కట్టి సర్వేయరుని పిలిపిస్తే రెండు రాళ్ళు గట్టు కింద మట్టిలో దొరికాయి, మూడోది దొరకనే లేదు. పుంత పూర్తిగా రాలేదు గానీ ట్రాక్టరు పట్టేంత వదిలారు. ఆ బంధువుల ఇంటికి మేనత్త ఈ మధ్యే పేరంటానికి కూడా వెళ్ళొచ్చింది. మీరు తప్పు చేశారని ఆవిడ ఎవరినీ అనలేదు, పటం చూపించింది.

"కాగితాలు అడిగితే పుట్టిల్లు దూరమవుతుంది" అని చాలామంది భయపడతారు. ఆ భయం ఉత్తిది కాదు. వాటా అడిగిన ఆడపిల్లకి పండక్కి పిలుపు ఆగిపోవడం నేనూ చూశాను. అందుకే చెబుతున్నాను, పటం కోసం పుట్టింట్లో ఎవరినీ అడగక్కర్లేదు. ఆఫీసులో అడిగి తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నంత మాత్రాన తగాదా పెట్టుకున్నట్టూ కాదు. ఎవరికీ చెప్పకుండా దస్తావేజు పక్కన పెట్టుకోవచ్చు. తెలిసి ఊరుకోవడం వేరు, తెలియక ఊరుకోవడం వేరు.

ఒక మాట మాత్రం మరవకండి. పటం హద్దు చెబుతుంది, హక్కు చెప్పదు. ఎవరిదన్నది దస్తావేజు, పట్టా, కాదంటే కోర్టు తేల్చాలి. పటం ఉంది కదా అని చేలోకి దిగిపోకూడదు. పటం లేకుండా కోర్టుకి వెళ్ళినా, నా పొలం ఇదీ అని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడే ఎందుకంటారా? ఆంధ్రలో 2020 డిసెంబరు నుంచి డ్రోన్లతో రీసర్వే మొదలైంది. అది పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. కొలిచేటప్పుడు చేలో నిలబడి "ఇదిగో నా గట్టు" అన్నవాళ్ళు హద్దు చూపించారు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉన్న ఆడపడుచు తరఫున ఎవరు నిలబడ్డారు? కొత్త పటంలో సెంట్లు తగ్గాయో లేదో చూసుకోవాలంటే పక్కన పాతది ఉండాలి. కొత్త నంబర్లకి అందరూ అలవాటు పడ్డాక పాతది వెతకడం ఇంకా కష్టమవుతుంది.

కాబట్టి ఈ వారం చిన్న పని చేయండి. బీరువాలోంచి దస్తావేజు తీసి, సర్వే నంబరు, ఊరి పేరు, మండలం డైరీలో రాసుకోండి. అమ్మ పేర, అత్తగారి పేర ఉన్నవి కూడా. నకళ్ళు వచ్చాక మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లింకుల లెక్క ఇద్దరూ కలిసి వేయండి. ఏ రాయి ఎక్కడుందో దానికీ తెలియాలి కదా.