వల లేచింది సరే, కొరికేదెవరు?

జంతువులచేత మాట్లాడించడం మనకు కొత్త విద్య కాదు. మన పిల్లలు అ ఆలు దిద్దేనాటికే కాకీ, ఎలుకా, తాబేలూ, జింకా చుట్టాలైపోతాయి. అంచేత ఎక్కడో అమెరికాలో చేపలచేత మాట్లాడించి బొమ్మల సినిమా తీశారంటే మనం నోరు వెళ్లబెట్టవలసిన అగత్యం లేదు. కాని ఆ సముద్రపు కథ చూస్తూ వుంటే మన గోదావరి గట్టుమీది బూరుగుచెట్టు గుర్తుకు వచ్చిందనుకోండి, అప్పుడు మాత్రం కాస్త ఆగి ఆలోచించవలసిందే.

నేను చెప్పబోయేది ‘ఫైండింగ్ నీమో’ సంగతి. పిక్సార్ సంస్థవారు 2003లో విడుదల చేశారు. దర్శకుడు ఆండ్రూ స్టాంటన్. చిన్నతనంలో ఆయన పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా అక్కడి అద్దాల తొట్టిలో తిరిగే చేపల్ని చూసి, ఇవి సముద్రంలోంచి వచ్చినవి గదా, ఇంటికి పోవాలని వుండదూ అనుకునేవాడట. ఆ పసివాడి బెంగే పెద్దయ్యాక సినిమా అయింది. మరుసటి సంవత్సరం ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ బహుమతీ తెచ్చుకుంది. ఇరవైయేళ్లు దాటినా, పిల్లలున్న ఇళ్లలో ఇప్పటికీ అది పాతబడలేదు.

కథ మీలో చాలామంది ఎరిగినదే. ఆస్ట్రేలియా తీరాన పగడాల దిబ్బల్లో మార్లిన్ అనే చారల చేప కాపురం. బారకూడా అనే రాకాసి చేప వచ్చిపడి పెళ్లాన్నీ, 400 పైచిలుకు గుడ్లనూ మింగిపోతుంది. మిగిలింది ఒకే ఒక్క గుడ్డు. అదే నీమో. కుడివైపు రెక్క పొట్టిది. ఒక్కగానొక్క కొడుకు, అందులో అవిటివాడు. తండ్రి వాణ్ని కంటికి రెప్పలా కాస్తాడు; కాయడం మరీ ఎక్కువై వాడికి ఊపిరాడదు. ఒకనాడు ఉక్రోషంకొద్దీ వాడు దూరంగా ఈదిపోవడం, ఈతగాడొకడు వాణ్ని వలసంచిలో వేసుకుపోవడం జరుగుతాయి. ఆ ఈతగాడు సిడ్నీ నగరంలో పళ్ల డాక్టరు. నీమో ఆయన గదిలో అద్దాల తొట్టిలో పడతాడు. తండ్రి, దారిలో జతపడిన డోరీ అనే మతిమరుపు నీలిచేపతో కలిసి, సొరచేపల్ని దాటి, సముద్రపు తాబేళ్ల వెంట నీటివాలున పడి సిడ్నీ చేరతాడు.

(ఒక చిన్న ముచ్చట. ఈ జాతి చేపల్లో జంటలోని ఆడది చచ్చిపోతే మగది తానే ఆడచేపగా మారిపోతుందని జీవశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ లెక్కన మార్లిన్ తండ్రిగా బయలుదేరి తల్లిగా సిడ్నీ చేరాలి. సినిమావారు ఆ జోలికి పోలేదు. కథ అసలే చిక్కుగా వుంది, మంచిపనే చేశారు.)

ఇక మన కథకు వద్దాం. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ను 1853లో ప్రకటించాడు. అందులో మిత్రలాభం గోదావరీ తీరాన బూరుగుచెట్టు దగ్గర మొదలవుతుంది. చిత్రగ్రీవుడనే పావురాల రాజు వద్దంటున్నా వినకుండా, నూకలకోసం పావురాలన్నీ వాలి వలలో చిక్కుకుంటాయి. అప్పుడు తగవు మొదలవుతుంది. ఎవరి మాట విని వాలాయో ఆ పావురాన్ని తక్కినవన్నీ ఆడిపోసుకుంటాయి. రాజు ఆ తగవు ఆపి, అందరూ ఒక్కసారిగా లేవండంటాడు. వలతో సహా లేచిపోతాయి. బోయవాడు కిందనే పరుగెడతాడు. వాడి ఆశల్లా ఒక్కటే: ఇవి ఎప్పుడో ఒకప్పుడు కొట్లాడుకోకపోవు, కిందపడకపోవు!

సినిమా చివరికి వచ్చేసరికి డోరీ ఒక పెద్ద చేపల గుంపుతోపాటు వలలో పడుతుంది. వల పైకి లేస్తోంది. చేపలన్నీ తలోదిక్కుకూ కొట్టుకుంటున్నాయి. పొట్టిరెక్క నీమో లోపలికి దూరి, అందరూ ఒక్కటిగా కిందికి ఈదండని చెబుతాడు. ఈదుతారు. పడవమీద వలను మోసే దూలం ఫెళ్లున విరుగుతుంది. పావురాలు పైకి లేచాయి, చేపలు కిందికి దిగాయి. దిక్కు మారింది గాని సూత్రం మారలేదు.

పోలిక ఇంతటితో ఆగితే ఈ వారం ఈ శీర్షిక నింపేవాణ్ని కాను. మిత్రలాభం చివర మంథరుడనే తాబేలును వేటగాడు పట్టి వింటికి కట్టుకుపోతాడు. చిత్రాంగుడనే జింక నీటి ఒడ్డున చచ్చినట్టు పడుకుంటుంది. కాకి దానిమీద కూర్చుని పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు తాబేలును కింద పెట్టి మాంసానికి ఆశపడి అటు పోతాడు. ఈలోగా ఎలుక తాడు కొరుకుతుంది. తాబేలు నీళ్లలోకి, జింక అడవిలోకి. సినిమాలో నీమో కూడా తప్పించుకునేందుకు చచ్చినట్టు వెల్లకిలా తేలుతాడు. డాక్టరు మోసపోతాడు. కాని అదే క్షణాన గూడబాతు నోట్లో కూర్చుని కిటికీ దగ్గరికి వచ్చిన తండ్రి కూడా మోసపోతాడు! కొడుకు నిజంగానే పోయాడనుకుని వెనుదిరుగుతాడు. పాత కథలో మిత్రులందరికీ పన్నాగం ముందే తెలుసు. ఇక్కడ తండ్రికి తెలియదు. ఉపాయం అదే అయినా, కబురు అందకపోతే గుండె పగిలేది ఆప్తులకేనని ఈ సినిమా చెప్పింది.

ఈ రకం కథలు ఎంత పాతవంటే, క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దినాటి భర్హుత్ స్తూపం రాళ్లమీదనే కురుంగమృగ జాతకం చెక్కివుంది. అందులో ఉచ్చులో పడ్డ జింకకోసం తాబేలు తోలుతాళ్లు కొరుకుతుంది, వడ్రంగిపిట్ట వేటగాణ్ని ఇంట్లోనే ఆపుతుంది. తరవాత తాబేలు పట్టుబడితే జింక వచ్చి విడిపిస్తుంది. మన పంచతంత్రం పహ్లవీ భాషలోకి, దాన్నుంచి ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేతిమీదుగా అరబ్బీలోకి పోయి ‘కలీలా వ దిమ్నా’ అయింది. పావురాలు వలతోసహా బాగ్దాదు మీదుగా ఎగిరాయన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. ఎగిరినంతమాత్రాన పావురాలకు విడుదల రాలేదు. వల ఇంకా ఒంటిమీదనే వుంది. ఎంతసేపని ఎగురుతాయి? చిత్రగ్రీవుడికి ఆ సంగతి తెలుసు. అందుకే తిన్నగా హిరణ్యకుడనే ఎలుక కన్నం దగ్గర దిగుతాడు. ఎలుక ముందు రాజు కట్లు తెంచబోతుంది. నా పళ్లు బలహీనం, ముందు నీవి తెంచనీ, తరవాత ఓపికున్నంత మేరకు మిగతావాళ్లవి చూస్తానంటుంది. రాజు ఒప్పుకోడు. ముందు నావాళ్లవి, ఆఖరున నావి అంటాడు. నాకు మిత్రలాభం మొత్తంలో పెద్ద ఘట్టం ఇదే అనిపిస్తుంది. కలిసి ఎగరడం ప్రాణభయంతో ఎవరైనా చేస్తారు. పళ్లు అరిగిపోతాయని తెలిసి తన వంతు చివరికి తోసుకోవడం అందరూ చెయ్యరు.

సినిమాలో ఈ ఎలుక లేదు. తొట్టిలో వున్న తక్కిన చేపలు డాక్టరు చేత తొట్టి కడిగించే ఎత్తు వేసి, తమను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టగానే కిటికీలోంచి దొర్లి, రోడ్డు దాటి, సముద్రంలో పడతాయి. హాలంతా చప్పట్లు. మరుక్షణం తెలుస్తుంది, సంచుల మూతులు బిగించే వున్నాయని! సముద్రం మీద తేలుతూ, సముద్రంలో లేకుండా, అవి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. అంతా నవ్వుతాం. 2016లో వచ్చిన ‘ఫైండింగ్ డోరీ’ చివర అవే చేపలు, నాచుపట్టిన అవే సంచుల్లో, కాలిఫోర్నియా దాకా కొట్టుకువచ్చి మళ్లీ మనుషుల చేతికి చిక్కుతాయి. మా పక్కింటి పాప అది చూసి, “మాస్టారూ, వాళ్లకి ఎలుక ఫ్రెండు లేదాండీ?” అని అడిగింది. ఎమ్మే చదివినవాడెవడూ అంత సూటిగా అడగలేడు.

ఇలాంటి సినిమాలు చూసి జనం ఆ చేపలనే కొనుక్కుని తొట్టెల్లో పెట్టుకుంటున్నారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ‘ఫైండింగ్ డోరీ’ విషయమై కొందరు పరిశోధకులు లెక్కలు తీసి 2019లో ప్రకటించారు. ఆ నీలిచేపల కోసం ఇంటర్నెట్టులో వెతుకులాట పెరిగిందిగాని, అమెరికాకు వాటి దిగుమతి పెరిగిందనడానికి దాఖలా దొరకలేదని తేల్చారు. అంటే సినిమా చూసినవాళ్లు బోయవాళ్లు కాలేదు. సంతోషమే. హిరణ్యకులు అయ్యారా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న మన గడపలోనే వుంది. ఏటా జనవరి నుంచి మార్చి దాకా, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లోనే వాటి కళేబరాలు కూడా ఒడ్డుకు కొట్టుకువస్తాయి. కారణం పెద్ద రహస్యం కాదు. తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. మరబోటు ఈడ్చే వలలో చిక్కి గంటలతరబడి కిందనే వుండిపోతే ఊపిరాడక చస్తుంది. తూర్పుతీరంలో వేటకు విరామం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా వుంటుంది. అప్పటికి రావలసిన తాబేళ్లలో చాలామటుకు వచ్చిపోయి వుంటాయి.

దీనికి హిరణ్యకుడు లేకపోలేదు. వల మెడలో ఏటవాలుగా ఇనప చువ్వల చట్రం బిగిస్తారు. రొయ్యలు చువ్వల సందులోంచి వలలోకి పోతాయి. తాబేలు చువ్వలకు తగిలి, పక్కనే విడిచిన కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు మన పడవలకు తగినట్టు దీన్ని తయారుచేశారు కూడా. వలకు కంత పెట్టడమేగదా ఎలుక చేసిన పని!

మరి అందరూ ఎందుకు బిగించరు? ఆ మాట చెప్పేముందు మా తరగతిలో జరిగింది చెప్పాలి. మిత్రలాభం పాఠం ముగించగానే సముద్రతీరం నుంచి వచ్చిన కుర్రవాడొకడు లేచి, “తాబేలూ పోయింది, జింకా పోయింది. ఆ రాత్రి వేటగాడింట్లో ఏం తిన్నారు సార్?” అన్నాడు. తరగతి గొల్లుమంది. నేను నవ్వలేదు. ఆ పుస్తకం ఎన్నోసార్లు చెప్పాను. వేటగాడి ఇంటివైపు నుంచి ఒక్కరూ చూడగా నేనెరుగను. వాడికి కథలో పేరైనా లేదు. తాబేలు దూరే కంతలోంచి నాలుగు మంచి చేపలూ పోతాయని జాలర్ల ఫిర్యాదు. అది అబద్ధం కాదు. డీజిలు అప్పుచేసి సముద్రంలోకి పోయినవాడికి ఆ నాలుగు చేపలే మిగులు.

తాబేళ్ల రక్షణ చాలలేదని అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యల్ని కొనడం మానేసింది. చెరువుల్లో పెంచే రొయ్యలకు ఆ బెడద లేదు. దెబ్బ ఎవరిమీద పడింది? మళ్లీ వలవాడిమీదనే. కంత పెట్టినా నష్టం వాడిదే, పెట్టకపోయినా నష్టం వాడిదే. ఇలాగైతే వాడు తాబేలుకు స్నేహితుడెలా అవుతాడు?

చిత్రగ్రీవుడి మాట ఇక్కడ పనికివస్తుంది. కట్లు తెంచే క్రమం ముఖ్యం. తాబేలు బతకాలని మనం నిజంగా కోరుకుంటే, కంతలోంచి పోయిన చేపల ఖరీదు ముందు జాలరి పద్దులోంచి కొట్టివేయాలి. సర్కారు కొంత, ఎగుమతి షావుకారు కొంత, పళ్లెంలో రొయ్యల వేపుడు పెట్టుకునే మనం కొంత మోయాలి. మన పళ్లూ కాస్త అరగాలి. సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకోవడం సులువు. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చేటప్పుడు చెయ్యి వెనక్కి లాగుతుంది. అక్కడే తెలుస్తుంది ఎవరు ఎలుకో, ఎవరు చెట్టుమీద కూర్చుని చూసిన కాకులో. ఆ మాటకొస్తే కాకికూడా చూసి వూరుకోలేదు. పావురాల వెంట వెళ్లి, ఎలుక చేసిన ఉపకారం కళ్లారా చూసి, దానితో నెయ్యం కలిపింది. ఆపైన తాబేలును విడిపించడంలో తన వంతు పని తానూ చేసింది. చూడటం తప్పు కాదు, చూసి ఇంటికి పోవడమే తప్పు.

ఈసారి పిల్లలు ఆ సినిమా పెట్టమంటే తప్పకుండా పెట్టండి. అయిపోయాక దీపం ఆర్పేలోగా చిత్రగ్రీవుడి కథ కూడా చెప్పండి. రెండూ విన్న పిల్లలు మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతారు. సంచులు విప్పేదెవరని ఒకటి, వేటగాడింట్లో ఏం తిన్నారని ఇంకొకటి. రెండింటికీ జవాబు సిద్ధం చేసుకునే మంచం ఎక్కండి. నిద్ర వస్తోందని తప్పించుకుంటే ఊరుకునే పిల్లలు కారు వీళ్లు.