నేరాన్ని చదవడం ఎవరి వైపు నుంచి?

లా చదువుతున్నానని చెప్పే అమ్మాయిని ఇప్పుడు మన ఇళ్ళలో ఎవరూ వింతగా చూడరు. కానీ ‘క్రిమినాలజీ కూడా చదువుతాను, క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేస్తాను’ అంటే మాత్రం ఈనాటికీ పెద్దల మొహాలు మారిపోతాయి. దొంగలు, హంతకులు, పోలీసు స్టేషన్లు, జైళ్ళు - ఇవన్నీ ఆడపిల్లకెందుకు, హాయిగా ఫ్యామిలీ కోర్టు కేసులు చూసుకోక అంటారు. సీనియర్ లాయర్లు కూడా చాలామంది ఇదే సలహా ఇస్తారు. ఇలా అనేవాళ్ళకి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. పోలీసు స్టేషనూ, లాకప్పూ, కోర్టు బోనూ స్త్రీలకి కొత్త కాదు. బాధితులుగా, సాక్షులుగా, ముద్దాయిలుగా, ముద్దాయిల తల్లులుగా, భార్యలుగా మనం ఎప్పుడూ అక్కడ ఉన్నాం. అక్కడ జరిగేదాన్ని చదివి, అర్థం చేసుకుని, ప్రశ్నించే స్థానంలోనే మనం తక్కువమందిమి ఉన్నాం.

నేను యూనివర్సిటీలో లా చదివి, ఆ తర్వాత క్రిమినాలజీలో డిప్లొమా చేశాను. ఇరవై ఏళ్ళకి పైగా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ రెండు చదువుల్నీ కలిపి చదవాలని, ముఖ్యంగా ఆడపిల్లలు చదవాలని నా అభిప్రాయం. అయితే దానితోపాటే ఇంకో మాట కూడా చెప్పాలి. నేరశాస్త్రాన్ని ఉన్నదున్నట్టు బట్టీపడితే మనకి మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది. దాన్ని మన వైపు నుంచి, అడుగడుగునా ప్రశ్నిస్తూ చదవాలి.

లా క్లాసులో మనకి ఏది నేరమో, దానికి ఎంత శిక్షో చెబుతారు. భార్యని హింసించడం నిన్నటిదాకా 498-ఎ కింద నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ కింద నేరం. అంకె మారింది, నేరం అదే. ఈ మనిషి ఆ పని చేశాడా లేదా, సాక్ష్యం ఉందా లేదా - చట్టం అడిగేది ఇంతవరకే. నేరశాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. ఈ నేరం ఎందుకు జరుగుతోంది? ఎవరు పట్టుబడుతున్నారు, ఎవరు తప్పించుకుంటున్నారు? కొన్ని పనులు మాత్రమే నేరాలెందుకయ్యాయి? జైలుకి పంపితే ఏం మారుతోంది? ఈ ప్రశ్నలు తెలియని లాయరు సెక్షన్లు ఏకరువు పెట్టగలదు గానీ, తన ఎదురుగా కూర్చున్న మనిషిని అర్థం చేసుకోలేదు. ఇంగ్లండులో అనేక యూనివర్సిటీల్లో ఈ రెంటినీ కలిపి ఒకే డిగ్రీగా చదువుకోవచ్చు. మన దగ్గర క్రిమినాలజీ చాలా కాలేజీల్లో ఒక ఆప్షనల్ పేపరు. పాసవ్వడం తేలికని తీసుకునేవాళ్ళే ఎక్కువ.

డిప్లొమా చదివేటప్పుడు మమ్మల్ని స్త్రీల జైలుకి తీసుకెళ్ళారు. లా చదివిన మూడేళ్ళలో బెయిలు గురించి నేను రాసిన జవాబులన్నీ బాగానే ఉన్నాయి. కానీ బెయిలు వచ్చి కూడా జామీను ఇచ్చేవాళ్ళు లేక నెలల తరబడి లోపలే ఉండిపోయిన మనిషిని నేను మొదటిసారి చూసింది అక్కడే. చిన్న దొంగతనం కేసు. పుట్టింటివాళ్ళు పరువు పోయిందని రావడం మానేశారు, మొగుడు ఇంకో ఆడదాన్ని తెచ్చుకున్నాడు. అదే నేరం చేసిన మగవాడి కోసం భార్యో తల్లో పుస్తెలు తాకట్టు పెట్టయినా పరిగెత్తుకొస్తుంది. ఆడదాని కోసం ఎవరొస్తారు? ఈ తేడా ఏ సెక్షన్‌లోనూ రాసి ఉండదు.

ఇది ఆ ఒక్క మనిషి కథ కాదు. జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళే. స్త్రీలు నూటికి నలుగురు. తక్కువమందే కాబట్టి వాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. తల్లితోపాటు జైల్లో ఉండే పసిపిల్లలకి తిండి, వైద్యం, చదువు ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 2006లో చెప్పవలసి వచ్చింది. అది మన ఆంధ్రప్రదేశ్ పేరుతో ఉన్న కేసే - ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జైల్లో ఉన్న ఎంతమంది స్త్రీలకి ఈ సంగతి చెప్పారు?

జైలునీ చట్టాన్నీ కలిపి చూడటం మనకి కొత్త కూడా కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న నిరక్షరాస్య స్త్రీలని అక్కడ చూసింది. ఆ అనుభవమే ఆమెని లా వైపు నడిపించింది. 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకుని ప్రాక్టీసు పెట్టింది. అంటే ఆమె ముందు జైలుని చదివింది, ఆ తర్వాతే చట్టాన్ని చదివింది.

ఇక నేరశాస్త్రం సంగతి. ఈ శాస్త్రానికి ఆద్యుడిగా చెప్పే ఇటలీ వైద్యుడు లొంబ్రోసో, నేరస్తులు పుట్టుకతోనే నేరస్తులని, వాళ్ళని పుర్రెల కొలతల్లో, మొహం తీరులో గుర్తుపట్టవచ్చని 1876లో రాశాడు. 1893లో స్త్రీల గురించి ఇంకో పుస్తకం ఫెరెరోతో కలిసి రాశాడు. 1950లో ఒటో పొలాక్ అనే ఆయన స్త్రీలు స్వభావరీత్యా మోసకారులని, అందువల్లే వాళ్ళ నేరాలు బయటపడవని సిద్ధాంతం చేశాడు. 1971లో మెనాకెమ్ అమీర్ ఫిలడెల్ఫియా పోలీసు రికార్డులు చూసి 646 అత్యాచారం కేసుల్లో నూటికి 19 బాధితురాలు ‘కారణమైనవే’ అని తేల్చాడు. మద్యం తాగడం, ‘చెడ్డ పేరు’ ఉండటం కూడా ఆయన దృష్టిలో కారణాలే. ఆ చెడ్డ పేరు ఎవరు రాశారు? పోలీసులే. పోలీసులు రాసిందే పరిశోధన అయింది, పరిశోధన పుస్తకమయింది, పుస్తకం మా క్లాసులో నోట్సు అయింది. ‘బాధితురాలి పాత్ర’ అనే శీర్షిక కింద కురచ దుస్తులు, రాత్రివేళ తిరగడం అని మా లెక్చరరు వరసగా అంకెలు వేసి చెబుతుంటే, క్లాసులో ఉన్న పన్నెండుమంది ఆడపిల్లలం తలలు వంచుకుని రాసుకున్నాం. రాయకపోతే మార్కులు రావు మరి.

ఇదంతా పుస్తకాల గొడవే కదా అనుకోవడానికి వీల్లేదు. క్లాసులో రాసుకున్న నోట్సు కోర్టులో వాదన అవుతుంది. 1978లో హైదరాబాదులో రాత్రి సినిమా చూసి భర్తతో వస్తున్న రమీజాబీని పోలీసులు నల్లకుంట స్టేషనుకి పట్టుకెళ్ళారు. ఆమె మీద అత్యాచారం జరిగింది. అడ్డుపడిన భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్ దెబ్బలకి చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫున ప్రధాన వాదన ఏమిటి? ఆమె వేశ్య అని! కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కానీ కర్ణాటకలోని రాయచూరు కోర్టుకి బదిలీ అయిన కేసులో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే ఏడాది మధుర కేసులో సుప్రీంకోర్టు, ఆమె ఒంటి మీద గాయాలు లేవు కనుక ప్రతిఘటించలేదని పోలీసులని వదిలేసింది.

అప్పుడు కదిలింది ఎవరు? వీధుల్లో స్త్రీల సంఘాలు. వాళ్ళతోపాటు 1979లో సుప్రీంకోర్టుకి బహిరంగ లేఖ రాసిన ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్. నలుగురూ లా పాఠాలు చెప్పే టీచర్లు! తరగతి గదికీ వీధికీ మధ్య గోడ పడిపోతే ఏం జరుగుతుందో చూపించిన సందర్భం అది. 1983లో చట్టం మారింది. అయినా బాధితురాలి నడవడిక మంచిది కాదని కోర్టులో చూపించుకునే వీలు కల్పించిన సాక్ష్య చట్టం 155(4) క్లాజు 2002 సవరణ దాకా బతికే ఉంది. అత్యాచార బాధితులకి ‘రెండు వేళ్ళ పరీక్ష’ చెయ్యడం వాళ్ళ గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా ఆగకపోతే 2022లో మళ్ళీ చెబుతూ, ఈ పరీక్ష పాఠ్యాంశంగా ఉండకుండా వైద్య కళాశాలల సిలబస్‌ని సమీక్షించమంది. సిలబస్‌లో ఉన్నది మనిషి ఒంటి మీదకి ఎలా వస్తుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

స్త్రీలనే కాదు, కులాలకి కులాలనే ఈ చూపు నేరస్తుల్ని చేసింది. 1871లో బ్రిటిషువాళ్ళు తెచ్చిన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళని స్టూవర్టుపురంలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీ కింద ఉంచారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ఊరి పేరు చెబితే దొంగలని గుర్తు తెచ్చుకోవడం మనం మానలేదు, సినిమాలూ మాననివ్వలేదు. కులం చూసి జైల్లో పనులు అప్పగించే నిబంధనలని సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024 అక్టోబరులో, అంటే నిన్నగాక మొన్న. దొంగతనం జరిగితే పోలీసులు ముందు ఏ గూడేనికి వెళతారో, అక్కడి ఆడవాళ్ళు ఏం భరిస్తారో మన సంఘాల్లో పనిచేసేవాళ్ళకి తెలుసు. క్రిమినాలజీ పుస్తకానికి తెలియదు.

ఆ పుస్తకంలో నేరస్తుడంటే చీకట్లో ఎదురయ్యే అపరిచితుడు. లెక్కలు ఇంకోలా చెబుతున్నాయి. 2022లో స్త్రీల మీద నమోదైన నేరాల్లో నూటికి ముప్పైకి పైగా భర్తా, అతని బంధువులూ చేసిన హింసే. అత్యాచారం కేసుల్లో నిందితులు నూటికి తొంభైమందికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్ళే. ఇక భార్య మీద భర్త చేసే అత్యాచారం కొత్త న్యాయ సంహితలో కూడా, ఆమెకి పద్ధెనిమిదేళ్ళు నిండితే, అత్యాచారం కాదు! దేన్ని నేరమనాలో నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న వెయ్యకుండా నేరాన్ని చదివి ఏం లాభం?

చివరిగా, మనలో చాలామందికి నచ్చని మాట ఒకటి. 2019 నవంబరులో హైదరాబాదు దగ్గర జరిగిన ‘దిశ’ ఘోరం తర్వాత, డిసెంబరు 6న నలుగురు నిందితులని పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. వాళ్ళలో స్త్రీలూ ఉన్నారు, లా విద్యార్థులూ సంబరపడ్డారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. అదే నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఒక దళిత స్త్రీపై అత్యాచారం చేసి చంపిన కేసులో 2020 జనవరి 30న ఆదిలాబాద్‌లోని ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. ఉరిశిక్ష మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇంకోసారి. నేను చెప్పేదల్లా, ప్రభుత్వానికి మనసుంటే కోర్టు ద్వారానే రెండు నెలల్లో విచారణ ముగిసింది. శిక్ష ఎంత కఠినమైంది అన్నదానికంటే, తప్పకుండా పడుతుందా లేదా అన్నదే నేరాన్ని ఆపుతుందని బెక్కారియా 1764లోనే రాశాడు. నల్లకుంట స్టేషనులో రమీజాబీని లాక్కెళ్ళిన అధికారానికే తుపాకీ ఇచ్చి పూలు చల్లితే, అది రేపు ఎవరి వైపు తిరుగుతుందో ఆలోచించవద్దా?

అందుకే మనం కొన్ని అడగాలి. లా డిగ్రీలో నేరశాస్త్రం ఆప్షనల్‌గా కాకుండా అందరికీ ఉండాలి. అందులో లొంబ్రోసోతోపాటు, ఈ శాస్త్రం స్త్రీలని ఎలా చూసిందో 1976లోనే నిలదీసిన కేరల్ స్మార్ట్, స్టూవర్టుపురం చరిత్ర రాసిన మీనా రాధాకృష్ణ ఉండాలి. జైలుకెళ్ళడం ఒక్కరోజు విహారయాత్రలా కాకుండా, విచారణ ఖైదీలకి న్యాయ సహాయం అందించే పనిగా సాగాలి. స్త్రీల సంఘాల దగ్గర నలభై ఏళ్ళకి పైగా పోగుపడిన నిజనిర్ధారణ నివేదికలు పాఠ్యాంశాలు కావాలి. ఇవన్నీ తెలుగులో దొరకాలి. లేకపోతే మండలాల నుంచి, తండాల నుంచి వచ్చే పిల్లలు మళ్ళీ గైడ్లే బట్టీపడతారు.

లా కాలేజీలో చేరుతున్న అమ్మాయిలూ, ‘క్రిమినల్ సైడ్ నీకెందుకు’ అన్న మాట విని వెనక్కి తగ్గకండి. ఆ పేపరే తీసుకోండి. ‘బాధితురాలి పాత్ర’ అని నోట్సు చెప్పే రోజు వస్తుంది. మేము తలలు వంచుకుని రాసుకున్నాం. మీరు చెయ్యెత్తి, ఆ మాట ఎవరు రాశారు, ఏ రికార్డు చూసి రాశారు అని అడగండి. రెండు మార్కులు పోతే పోనివ్వండి.