ఇల్లొకచోట, బడియొకచోట

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత పుట్టిన నాళ్ళలో ఊరికి ఒకటే బడి. బిడ్డను ఏ బడిలో చేర్పించవలెనను ప్రశ్నకు అప్పుడు తావు లేదు. నేడు హైదరాబాదు నగరమున ఇల్లు కొనదలచిన గృహస్థునకు ఆ రెండు కష్టములకు తోడు మూడవది వచ్చినది: బడిలో వేసి చూడు. అంతేకాదు, ఈ మూడవదే మొదటిదానిని శాసించుచున్నది. నగరమునకు తూర్పున మూసారాంబాగ్ మొదలు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ వరకు, అటుపై వనస్థలిపురము వరకు, ఇల్లు వెదకు దంపతులు గోడల గట్టితనమును, బోరులోని నీటిని విచారించుటకు ముందే "దగ్గరలో మంచి బడి ఏది?" అని అడుగుచున్నారు. అడుగుట తప్పు కాదు. కాని ఆ ప్రశ్నను అడుగవలసిన తీరున అడుగుచున్నారా అనునది ఆలోచింపదగినది.

ఈ ప్రాంతమును పెంచినది నగరము కాదు, రహదారి. విజయవాడ రహదారి, సాగర్ రహదారి ఇక్కడినుండియే పోవును. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మము, కృష్ణా, గుంటూరు ప్రాంతముల నుండి బ్రతుకుతెరువునకో చదువునకో వచ్చినవారు బస్సు దిగి మొదట కాలు మోపినది ఈ నేలమీదనే. స్వగ్రామమునకు పోవు బస్సు ఇంటికి కూతవేటు దూరమున ఆగుట వారికి గొప్ప ధైర్యము. ఇక్కడి పేర్లలో కొన్ని వ్యక్తుల పేర్లే. ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మారి మారి మూసారాంబాగ్ అయినది. దిల్‌సుఖ్‌రాం ప్రసాద్ అను నతని పొలములు ఇండ్లస్థలములుగా విడివడి దిల్‌సుఖ్‌నగర్ అయినవని చెప్పుదురు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకొన్న నగరమును పూర్తిపేరుతో పిలుచువారు నేడు అరుదు. ఎల్బీనగర్ అనియే లోకము. గడ్డిఅన్నారము, ఎల్బీనగర్ వేర్వేరు పురపాలక సంఘములుగా నుండి 2007 లో గ్రేటర్ హైదరాబాదులో కలిసినవి. మనుష్యులు వచ్చిన దిక్కునుండియే నీరును వచ్చినది: 2004 నుండి కృష్ణాజలములు నల్గొండ జిల్లా మీదుగా నగరమునకు చేరినవి. 2018 సెప్టెంబరు 24 న అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు మెట్రోరైలు నడిచినది. నీరు, రైలు వచ్చిన తరువాత ఇండ్లకు వెల పెరుగుట ఎవరును ఆపగలిగినది కాదు.

ఇల్లు కొనువారి యెదుట ఇక్కడ రెండు దారులున్నవి. దిల్‌సుఖ్‌నగర్ పరిసరములలో కొన్నచో అన్నియు అందుబాటులో నుండును: రైలు, బస్సు, ఆసుపత్రి, అంగళ్ళు, సాయిబాబా గుడి, సందుకొక బడి. కాని అదే మొత్తమునకు అక్కడ దొరుకునది పాత అపార్ట్‌మెంటులో రెండు పడకగదుల యిల్లు. కిటికీ తెరచినచో ప్రక్కవారి వంటగది. ఎల్బీనగర్ దాటి హస్తినాపురము, బి.ఎన్.రెడ్డి నగర్, వనస్థలిపురముల వైపు పోయినచో కొంత గాలి, కొంత వెలుతురు, అదృష్టమున్న వేపచెట్టు నీడ కూడ దొరకవచ్చును. అయితే ఉద్యోగమునకు పోవువారి ప్రయాణము పెరుగును. పూర్వము ఈ తూకములో ఒకవైపు గాలి, ఒకవైపు దూరము మాత్రమే ఉండెడివి. ఇప్పుడు బడి వచ్చి తక్కెడలో కూర్చున్నది. అది ఎటు కూర్చున్న అటే మొగ్గు.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి పేర్లు వినగానే తెలుగుదేశమున తల్లిదండ్రులకు తోచునవి కార్పొరేట్ కళాశాలలు, శిక్షణకేంద్రములు, హాస్టళ్ళు. ఒక తరము పిల్లలు ఇక్కడి గదులలో కంప్యూటరు పాఠములు నేర్చి సముద్రములు దాటిపోయినారు. ఇంజనీరింగు, వైద్యవిద్యల ప్రవేశపరీక్షలకు పదునారేండ్ల పిల్లలు తెల్లవారక మునుపే లేచి కూర్చుండునది ఇక్కడనే. ఆ ఒత్తిడి ఇప్పుడు క్రిందికి దిగి ఆరవతరగతిని ముట్టినది. బడియన్న పేరున నాలుగంతస్తుల మేడలు వెలసినవి. వాటిలో తరగతిగది కలదు, ప్రయోగశాల కలదు, లేనిది ఆటస్థలమే. మూసారాంబాగ్ నుండి ఎల్బీనగర్ వరకు గల మెట్రో స్టేషనులలో ఒక విద్యాసంస్థ పేరు మోయుచున్నది ఒకటే, విక్టోరియా మెమోరియల్. గత శతాబ్ది ఆరంభమున, మహబూబ్ అలీఖాన్ కాలమున, సరూర్‌నగర్‌లో తల్లిదండ్రులు లేని పిల్లల కొరకు వెలసిన ఆశ్రయమది. తల్లిదండ్రులున్న పిల్లలకు లేని విశాలమైన ఆవరణ ఆ అనాథబాలలకు దక్కినది. ఎవరో ఒకరు పిల్లలకు నేల కావలెనని ముందుగా తలచి విడిచిపెట్టినందున అది దక్కినది. తలచువారు లేనిచోట దక్కలేదు.

ఇక్కడినుండి అమెరికా పోయిన పిల్లలు అక్కడ ఇల్లు కొనునప్పుడును బడినే మొదట విచారింతురు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనేమి, టెక్సాసులోని ఫ్రిస్కోలోనేమి తెలుగువారు గుంపుగా చేరుటకు అక్కడి ప్రభుత్వపాఠశాలల పేరే ముఖ్యకారణములలో నొకటి. ఆ దేశమున పాఠశాలా మండలమను ఏర్పాటున్నది. ఇల్లు ఏ మండలమున నున్నదో బిడ్డ ఆ మండలపు బడికి పోవును. ఆ బడికి అయ్యెడి ఖర్చులో పెద్దభాగము అక్కడి ఇండ్లపై వేసిన పన్నునుండి వచ్చును. గొప్ప యిండ్లున్నచోట గొప్ప బడి, పేద యిండ్లున్నచోట పేదబడి. ఇది న్యాయము కాదని టెక్సాసులోని శాన్ ఆంటోనియో నగరమున ఒక పేదమండలపు తల్లిదండ్రులు న్యాయస్థానమునకు పోగా, 1973 లో ఆ దేశపు సుప్రీముకోర్టు అయిదుగురు నలుగురి భేదముతో వారి వాదమును త్రోసిపుచ్చినది. కావున అక్కడిది రామరాజ్యము కాదు. అయినను అందులో ఒక గుణము లేకపోలేదు. ఒక వీధిలోని పిల్లలందరు ఒకే బడికి పోవుదురు. బడి చెడినచో వీధి అంతయు కదలును. ఏలనన, ఇంటి వెలకూడ దానితో పడిపోవును.

ఇక్కడ అట్టి బంధము లేదు. మూసారాంబాగ్ హైదరాబాదు జిల్లాలోనిది. సరూర్‌నగర్, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లాలోనివి. నడుమ జిల్లా మారినట్లు దాటువారికి తెలియనే తెలియదు, దానివలన పిల్లవాని చదువు మారదు. ఇంటి చిరునామా ఏ ప్రైవేటు బడిలోను హక్కు నీయదు. ఇచ్చునది ఫీజు ఒక్కటే. ఒకే సందులోని అయిదిండ్ల పిల్లలు అయిదు పసుపుపచ్చ బస్సులెక్కి అయిదు దిక్కులకు పోవుదురు. సాయంకాలము తిరిగివచ్చునప్పటికి ఆటకు వెలుతురుండదు, ఉన్నను తోడుండడు. వీధిలోనే యున్న ప్రభుత్వపాఠశాలకు పోవునది అపార్ట్‌మెంటు వాచ్‌మన్ బిడ్డ, ఇండ్లలో పనిచేయు తల్లి బిడ్డ. ఆ బడి కప్పు కారినను, ఉపాధ్యాయుడు రాకున్నను పైఅంతస్తులవారికి పట్టదు. వారి బిడ్డ అక్కడ లేడు గదా! ఇల్లు శాశ్వతమని కొన్నారు, బడిని ఏటికేడు కొనుచున్నారు. వీధిబడి ఎవరిదియు కాక మిగిలినది. తూర్పు నగరపు విద్యాసమస్యకు మూలము ఇందే యున్నది.

ఈ విషయము తెలియక జరిగినది కాదు. కొఠారి సంఘము 1966 లో సమర్పించిన నివేదికలో అందరికి ఒకే తీరు పాఠశాల యుండవలెననియు, ఇరుగుపొరుగు పిల్లలు కులధనభేదము లేక ఒకేచోట చదువవలెననియు చెప్పినది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము "ఇరుగుపొరుగు బడి" అను భావమునే ఆధారముగా గ్రహించినది. అయిదవతరగతి వరకు ఒక కిలోమీటరులోను, ఎనిమిదవతరగతి వరకు మూడు కిలోమీటరులలోను బడి యుండవలెనని దాని ననుసరించిన నియమములు చెప్పినవి. ప్రైవేటు బడులలో పాతికవంతు స్థానములు పేదపిల్లలకీయవలెనను భాగము తెలుగునాట చాలకాలము కాగితము దిగి రాలేదు. దూరమును కొలిచిన చట్టము నమ్మకమును కొలువలేకపోయినది. కిలోమీటరులోపల బడి కలదు. దానియందు విశ్వాసము లేదు.

తల్లిదండ్రులను నిందించుట సులువు, న్యాయము కాదు. నల్గొండ పల్లెలో వానాకాలము చెట్టుక్రింద చదివి పైకివచ్చిన తండ్రి తన బిడ్డకు అదే రావలదని కోరుట సహజము. చాలకాలము ఆంగ్లమాధ్యమము ప్రైవేటు బడిలోనే దొరకెడిది. ఆంగ్లము లేనిది ఉద్యోగము లేదను భయము పట్టణమున బ్రతుకువారికి లేకుండుట యెట్లు? 2022 లో తెలంగాణ ప్రభుత్వము "మన ఊరు - మన బడి" కార్యక్రమమునకు 7,289 కోట్ల రూపాయలు ప్రకటించి, 2022-23 నుండి ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టినది. అంతకుముందు 2018 లో చేసిన శాసనము ఏ బడియైనను పదవతరగతి వరకు తెలుగు చెప్పి తీరవలెనన్నది. అనగా ఇటు ఆంగ్లము ప్రభుత్వబడికి వచ్చినది, అటు తెలుగు ప్రైవేటు బడికి చేరినది. రెంటికి నడుమ గోడయని చెప్పబడినది ఇప్పుడు భాష కాదు. మిగిలినది అలవాటు, పరువు, మరమ్మతు లేని మరుగుదొడ్డి. మొదటి రెండు మనస్సుకు సంబంధించినవి. మూడవది నిజమైన కొరత, దానిని సర్కారు తీర్పక తప్పదు.

ఇల్లు కొనువాడు మరియొక లెక్క కూడ వేయవలెను. బ్యాంకు అప్పు ఇరువదియేండ్లు. బడి పది పన్నెండేండ్లు. అందులోను పదవతరగతి కాగానే పిల్లవాడు హాస్టలులో చేరును, అటుపై మరియొక నగరము, మరియొక దేశము. బడికొరకు కొన్న యింట బడి లేకుండ బ్రతుకవలసిన కాలమే ఎక్కువ. అప్పుడు మిగులునవి నేల, నీరు, నాలా. 2020 అక్టోబరులో కుండపోతగా వానలు కురిసినప్పుడు, కుతుబ్‌షాహీల నాటి సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీటమునిగి, కోదండరామ్ నగర్ వంటిచోట్ల జనము మేడమీదికెక్కి దినములు గడపినారు. 2024 సెప్టెంబరులో చైతన్యపురి, కొత్తపేటలవైపు మూసీ ఒడ్డున సర్వే బృందములు కొన్ని యిండ్లపై ఎఱ్ఱగుర్తులు వేయగా, జీవితకాలపు కష్టార్జితము ఏమగునోయని ఆడవారు వీధులకెక్కినారు. ఎల్బీనగర్ ప్రాంతమున అనేక కాలనీలవారు ఏండ్ల తరబడి రిజిస్ట్రేషనుకు నోచుకొనక, 2022 నాటి 118 సంఖ్య ఉత్తరువు కొరకు ఎదురుచూచినారు. బడి పేరును పదిమందిని అడిగి తెలిసికొన్నవారు చెరువు హద్దును ఒక్కరినైన అడిగినట్లు లేదు.

కావున ఈ ప్రాంతమున స్థిరనివాసము కోరువారు ఇంటిని ఎండాకాలమున గాక వానాకాలమున చూచుట మేలు. దస్తావేజులను వకీలుకు, వీధిని ముసలివారికి చూపవలెను. నీరు ఎచ్చటిదాక వచ్చినదో గోడమీది మరకను చూపించి చెప్పువారు వారే. బడి విషయమున పేరు గాక నడకను కొలువవలెను. ఎనిమిదేండ్ల పిల్ల తోడులేక నడిచి పోగల బడి ఏది? ఆ త్రోవలో కాలిబాట కలదా? బడి వదలిన తరువాత ఆడుకొనుటకు జానెడు నేల కలదా? ఈ ప్రశ్నలకు మంచి సమాధానము దొరకిన వీధి, బడి ముగిసిన తరువాత కూడ నివాసయోగ్యముగానే యుండును. పిల్లలు నడువగల వీధిలో ముసలివారును నడువగలరు.

అయితే ఇది కొనువాని తెలివితో మాత్రమే తీరునది కాదు. ఈ ప్రాంతమున కాలనీ సంక్షేమసంఘములకు కొదువ లేదు. డ్రైనేజీ కొరకు, దీపముల కొరకు, సిమెంటు రోడ్ల కొరకు అధికారుల చుట్టు తిరిగి సాధించుకొన్నవారు వారు. వారి అర్జీలలో వీధిబడి పేరు ఎక్కడను కానరాదు. చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున ముప్పాతిక సభ్యులు తల్లిదండ్రులే కావలెను. కాని ఆ తల్లిదండ్రులు దినకూలీలు. అధికారి గదికి పోయినచో కూలి పోవును. వారి ప్రక్కన కాలనీ పెద్దలు నిలిచినచో, తమ బిడ్డలు అక్కడ చదువకున్నను నిలిచినచో, ఆ బడి మాటకు బలము వచ్చును. నేడు మరమ్మతైన బడిలో రేపు తమ మనుమడే చేరవచ్చును. ఫీజుకు పోవు డబ్బు అప్పుతీర్చుటకు మిగులునని తెలిసిన నాడు మధ్యతరగతి పరువు కూడ మెత్తబడును.

చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఒక గుట్టమీది బండపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన శాసనమున్నది. విష్ణుకుండినుల కాలమునాటిది, నగరమున దొరికిన వ్రాతలలో మిక్కిలి పాతదిగా దానిని చెప్పుదురు. అందు పేర్కొనబడినది రాజభవనము కాదు, కోట కాదు, గోవిందరాజ విహారము. బౌద్ధభిక్షువులకు విహారమనగా నివసించుచోటు, చదువుకొనుచోటు కూడ. ఇప్పుడా గుట్ట చుట్టును ఇండ్లు క్రిక్కిరిసియున్నవి. ప్రతి ఉదయము ఆ ఇండ్ల గుమ్మములలో పిల్లలు సంచులు తగిలించుకొని బస్సుకొరకు ఎదురుచూచుచున్నారు.